ఏడుకీ ఎనిమిదికీ మధ్య మూడు వందల మీటర్లు

మార్చి 4

నా పెట్టె పనిచేసింది.

మళ్ళీ రాస్తున్నాను, చూసుకోవడానికి ముచ్చటగా ఉంది. నా పెట్టె పనిచేసింది.

టెస్టు రూములో, బల్ల మీద, ఒక కేబుల్ చుట్టకి తగిలించి. మామూలుగా ఒక జత తీగల్లో ఇంటర్నెట్ పంపగానే పక్క జతలోకి రొద కారుతుంది, పక్క జత దీంట్లోకి కారుస్తుంది. అందరూ ఒకేసారి మాట్లాడే ఇంట్లోలా ఎవరి మాటా ఎవరికీ అందదు. నా పెట్టెకి అన్ని జతల్లో ఏం వెళ్తోందో తెలుసు. ఎవరి రొద ఎవరికి ఎంత కారబోతుందో ముందే లెక్కకట్టి, అంత మేరా తీసేసి మరీ పంపుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే, కాదనను. కానీ కొత్త సామాను ఒక్కటీ తెప్పించకుండా, మా ఎక్స్ఛేంజి స్టోర్లో దుమ్ము కొట్టుకుపోతున్న పాత కార్డులతో చేసి చూపించింది నేను. చదివింది డిప్లొమా, చేరింది కేబుల్ అతికే పనిలో. నాలాంటిది ఇంకొకర్తె ఉంటే చూపించండి.

మా పెద్ద ఇంజనీరు వచ్చి చూశారు. ఆయనకి మేమంతా పెట్టుకున్న పేరు మైనస్ సారు. ఏ మంచి మాట చెప్పినా అందులోంచి ఒకటి తీసేస్తే గానీ తిన్నది అరగదాయనకి. "బల్ల మీద బాగానే ఉంది మేడమ్. బల్ల మీద ఎవరూ కాపురం ఉండరు కదా," అన్నారు.

అయితే ఏ కేబుల్ మీద చూపించమంటారో చెప్పండన్నాను, తల ఎగరేసి. మెట్లవీధి కేబుల్ అన్నారు.

మెట్లవీధి. సరే.

మార్చి 6

నలభై ఎనిమిది ఇళ్ళు, రెండు వందల పన్నెండు మెట్లు. కొండ అడ్డం కనుక సెల్ సిగ్నల్ మొదటి మలుపు దాటి ఎక్కదు. కొత్త కేబుల్ వెయ్యాలంటే వీధి పొడుగునా కొండని ఆపుతున్న రాతిగోడని తవ్వాలి. తవ్వితే పై ఇళ్ళు వచ్చి కింది ఇళ్ళ నెత్తిన కూర్చుంటాయి. అందుకని ఉన్న పాత టెలిఫోన్ కేబులే గతి.

జూన్ రెండున పరీక్ష. నలభై ఎనిమిది ఇళ్ళకీ ఇరవై మెగాబిట్లు రావాలి. ఒక్క ఇంటికి తగ్గినా ఆ కేబుల్‌ని వదిలేస్తారట, నా పెట్టె మళ్ళీ స్టోర్లోకి పోతుందట.

నూట అరవయ్యో మెట్టు దగ్గర మా అక్క ఇల్లు. పుట్టుకతో చెవిటిది. ఇరవై ఎనిమిదేళ్ళుగా చెవిటిపిల్లల బడిలో పాఠాలు చెప్తోంది. మోకాళ్ళు అరిగిపోయి నిరుడు మెట్లు దిగడం మానేసింది. ఇంట్లోంచే వీడియోలో చెప్పమంది బడి, చేతులు స్పష్టంగా కనబడితేనే. ఇప్పుడున్న లైనులో ఆమె 'అమ్మ' అని చెయ్యి కదిపితే అవతల పిల్లలకి సగం చెయ్యి కనబడి బొమ్మ ఆగిపోతుంది. జూన్ తొమ్మిదిన బడి తెరిచేలోపు లైను బాగుపడకపోతే ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకుంటారు.

నేను టెలిఫోన్లలో చేరి ముప్పై ఏళ్ళు. ఊరంతటినీ మాట్లాడించాను. మా అక్కతో మాట్లాడాలంటే మాత్రం నూట అరవై మెట్లు ఎక్కాల్సిందే.

ఇంకెన్నాళ్ళులే.

మార్చి 9

అక్క దగ్గరికి వెళ్ళొచ్చాను. గోడకి నల్లటి దుప్పటి కట్టేసింది, వెనకాల నలుపుంటే వేళ్ళు బాగా కనబడతాయట. నా పెట్టె ఇంకా వీధిలోకే రాలేదు, ఈమెగారు అప్పుడే ముస్తాబు. లైను వచ్చాక మొదట ఎవరికి చేస్తావే అని అడిగాను. నీకు మాత్రం కాదు, నువ్వు ఎదురుగా కూర్చుంటేనే భరించలేను అని చేతులు ఊపింది. మా అక్క చేతులు ఎంత వేగమంటే, తిట్టు తగిలాక గానీ తిట్టిందని తెలియదు.

మార్చి 20

పెట్టె తగిలించాం. ఇరవై ఆరు ఇళ్ళకి ముప్పై దాటింది.

ఇరవై రెండు ఇళ్ళకి నాలుగు, అయిదు. అక్కకి మూడు. పెట్టె పెట్టకముందు నాలుగొచ్చేది.

మార్చి 21

తడి. పాత కేబుల్ కదా, ఎక్కడో చెమ్మ దిగి ఉంటుంది. ఆ వీధి నుంచి పక్కింటి మాటలు మా ఫోనులో సన్నగా వినబడుతున్నాయని ఏళ్ళ తరబడి ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ తడి అనే రాశాను రిజిస్టర్లో. తడే.

మార్చి 24

ఇళ్ళలో వైరింగు కూడా చెడిపోయి ఉండొచ్చు. అక్క ఇంట్లో వైరు మొత్తం పీకించి కొత్తది వేయించాను. గోడ రెండుచోట్ల పగిలింది. నీ ఇంట్లో వైరు పుచ్చిపోయిందే, నేనేం చెయ్యను అని చెప్పాను. పాపం, నిజమే అనుకుని మేస్త్రీకి తనే మంచినీళ్ళిచ్చింది.

కొత్త వైరుతో కూడా మూడే.

మార్చి 31

మైనస్ సారు మెట్లవీధి కేబుల్ పాత రికార్డు పుస్తకం తెప్పించుకున్నారు. ఏ జాయింటు ఎవరు అతికారు, ఏ రోజు, అన్నీ అందులో ఉంటాయి. కేబుల్ ముక్కలు కలిసే చోట జతకి జత చూసి, తీగకి తీగ అతకడమే జాయింటు.

ఏడో జాయింటు దగ్గర ఆగి నావైపు చూశారు. "ఒక్క రోజులో వంద జతలు! ఆ రికార్డు మీదేనా మేడమ్? మేం ట్రెయినింగులో ఉండగా కూడా చెప్పుకునేవాళ్ళు," అన్నారు. ఆయన నోట పొగడ్త రావడం ఇదే మొదలు. ఒక్కటీ తీసెయ్యలేదు అందులోంచి.

నేను నవ్వాను. నవ్వి, పనుందని బయటికొచ్చేశాను.

ఏడో జాయింటు బాగానే ఉంటుంది. ఎనిమిదోదీ బాగానే ఉంటుంది. అటు చూడక్కర్లేదు.

ఏప్రిల్ 3

ఇవాళ కొత్త ఫ్యూజులు వేశాం. తేడా లేదు.

ఏప్రిల్ 4

తేడా లేదు.

ఏప్రిల్ 7

తడి కాదు.

ఏ జత నుంచి ఏ జతలోకి ఎంత కారుతోందో నా పెట్టె పట్టిక వేసి ఇస్తుంది. రెండు వారాలుగా ఆ కాగితం నా సొరుగులోనే ఉంది, నేనే తెరిచి చూడలేదు. ఇవాళ తెరిచాను. తడి అయితే అందరిలోకీ అంతో ఇంతో కారాలి. ఇది అలా లేదు. పద్నాలుగో జత పదిహేనులోకి, పదిహేను పద్నాలుగులోకి. ముప్పై రెండు, ముప్పై మూడు. అన్నీ ఇరుగు పొరుగు జతలే. మొత్తం పదకొండు జోడీలు, ఇరవై రెండు ఇళ్ళు. ఎంత దూరంలో కారుతోందో కూడా లెక్క తేలింది. ఏడో జాయింటు దగ్గర మొదలై, మూడు వందల మీటర్ల తర్వాత ఎనిమిదో దాని దగ్గర ఆగిపోతోంది.

సొరుగు మూసి తాళం వేశాను. ఏదో నేరం చేసినట్టు.

ఏప్రిల్ 8

చేసినట్టేమిటి, చేశాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు, ఇక్కడ కూడా బొంకితే ఇంకెక్కడ నిజం చెప్తాను?

ఇరవై నాలుగేళ్ళ కిందట. ముఠాలో నేనొక్కర్తినే ఆడదాన్ని. వంద జతలు ఒక్క రోజులో అతుకుతానని పందెం కాశాను. సాయంత్రానికి అతికేశాను, ఏడో జాయింటు మూసేసి సీలు వేసేశాం. తర్వాత పై నుంచి పరీక్ష చేస్తే కొన్ని జతల్లో ఒక తీగ తారుమారు. తొందరలో ఈ జత తీగ ఒకటి పక్క జతకి, పక్క జత తీగ దీనికి అతికాను. సీలు విప్పి సరిచెయ్యాలంటే ఇంకో రోజు పడుతుంది, పందెం పోతుంది, మగవాళ్ళంతా చేరి నవ్వుతారు.

అందుకని ఎనిమిదో జాయింటులో ఎవరూ చూడకుండా మళ్ళీ తారుమారు చేశాను. రెండు తప్పులు కలిసి ఒప్పయిపోయాయి. ఫోన్లన్నీ భేషుగ్గా మోగాయి. ఏడుకీ ఎనిమిదికీ మధ్య మాత్రం ఆ తీగలు మొగుడూ పెళ్ళాలు విడిపోయి పక్కవాళ్ళతో నడిచినట్టు నడుస్తున్నాయి, ఇరవై నాలుగేళ్ళుగా. మాటకి అది చాలు. ఇంటర్నెట్‌కి చాలదు.

వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టారు. ప్రశంసాపత్రం ఇచ్చారు. మా ఆయన దానికి అద్దం కట్టించి, తన గడియారాల దుకాణంలో వచ్చినవాళ్ళకల్లా చూపిస్తూ ఉంటారు.

ఏప్రిల్ 10

ఆ రెండు జాయింట్లూ ఇప్పుడు రాతిగోడ కిందున్నాయి. పన్నెండేళ్ళ కిందట గోడకి సిమెంటు పోసి బలపరిచారు. విప్పి సరిచేసే మాటే లేదు.

విప్పి చూసే మాటా లేదు. అంటే ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ 12

రిపోర్టు రాశాను. "కేబుల్ తడిసిపోయినందున మెట్లవీధి పరీక్షకి పనికిరాదు, వేరే వీధిలో జరపవలసినది." ఒక్క పేజీ. వేరే వీధిలో నా పెట్టె నెగ్గుతుంది, నా పేరు నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేదు.

ఎవరికీ అని ఎలా రాశానో. నూట అరవయ్యో మెట్టు మీద మా అక్క నల్ల దుప్పటి ముందు కూర్చుని ఉంది.

రిపోర్టు ఇంకా సంచీలోనే ఉంది.

ఏప్రిల్ 13

ఆదివారం. అక్కకి చెప్పేద్దామనే వెళ్ళాను. లైను రాదు, ఆశ పెట్టుకోకు అని. వెళ్ళేసరికి ఇద్దరు పిల్లలకి పాఠం నడుస్తోంది, కింది వీధి నుంచి వస్తారు, అక్కాచెల్లెళ్ళు. ఇద్దరూ ఒకేసారి చేతులు ఝాడిస్తున్నారు. ఒకర్తె లెక్క అప్పజెబుతోంది, ఇంకొకర్తె దాని మీద చాడీలు. ఒకరి చేతులు ఒకరి ముందుకొచ్చేస్తున్నాయి, నాకు కళ్ళు తిరిగాయి. అక్క ఇద్దరికీ ఒకేసారి జవాబు చెప్తోంది.

వాళ్ళు వెళ్ళాక అడిగాను, ఒకర్తెని ఆపి ఇంకొకర్తెని చూడొచ్చు కదా అని.

"అడ్డొస్తోందని ఒకదాన్ని వదిలేస్తే రెండోదీ అర్థం కాదే పిచ్చిదానా," అంది అక్క చేతులతో. "ఇద్దర్నీ కలిపి చూస్తాను. కలిపి చూస్తేనే ఏ చెయ్యి ఎవరిదో తెలుస్తుంది."

నేను చెప్పాల్సింది చెప్పలేదు. చెప్పులు సరిగ్గా వేసుకున్నానో లేదో, మెట్లన్నీ ఎలా దిగానో నాకే తెలియదు.

నా పెట్టె పక్క జతని ఎప్పుడూ శత్రువు అనుకుంటోంది. కొంచెం రొద చేసే శత్రువు, తీసేస్తే సరి అనుకుంటోంది. ఈ పదకొండు జోడీల్లో పక్కవాడి గొంతు మన గొంతంత ఉంది. తియ్యబోతే మనదీ పోతోంది, అందుకే నాలుగున్నది మూడయింది. తియ్యకూడదు! రెండు జతల్నీ కలిపి నాలుగు తీగల ఒకే లైను అనుకోవాలి. ఇద్దరి డేటానీ కలిపి లెక్కకట్టి, కలిపే పంపాలి, ఇంటి దగ్గరికి చేరేసరికి ఎవరిది వాళ్ళకి విడిపోయేటట్టు. గోడ తవ్వక్కర్లేదు. సీలు విప్పక్కర్లేదు.

రిపోర్టు చింపేశాను. నాలుగు ముక్కలు చేసి, మళ్ళీ ఎనిమిది చేశాను.

ఏప్రిల్ 21

వారం రోజుల లెక్క. కాగితం మీద వస్తోంది. పెట్టెలో ప్రోగ్రాము మార్చాలంటే మైనస్ సారు సంతకం కావాలి.

జోడీలున్నాయని పెట్టె కనిపెట్టిందంటాను. అది నిజమే కదా. ఎలా వచ్చాయంటే తెలియదంటాను. అది

ఏప్రిల్ 22

చెప్పేశాను.

ముందు చెప్పలేదు, అది కూడా రాసుకోవాలి. ముందు లెక్కలు చూపించాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. లెక్క సరే, కానీ తీగలు మధ్యలో విడిపోయి మళ్ళీ కలిశాయంటే నమ్మేదెలా, రెండు చోట్ల అంత పద్ధతిగా ఎవరైనా తప్పు చేస్తారా, ఊహించినదానికి సంతకం పెట్టను అన్నారు. కాగితాలు నావైపు తోసేశారు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"ఊహ కాదు సార్. ఆ తప్పు చేసింది నేనే. ఏడులో తప్పు చేశాను, ఎనిమిదిలో దాన్ని కప్పెట్టాను. మీరు పొగిడిన రికార్డు అదే."

తల కొట్టేసినట్టయింది. నేలకేసి చూస్తూ కూర్చున్నాను. మెమో ఇస్తారా, సస్పెండు చేస్తారా, పక్క గదివాళ్ళందరినీ పిలుస్తారా అనుకుంటున్నాను. ఆయన రికార్డు పుస్తకం దగ్గరికి లాక్కుని ఏడో జాయింటు పేజీ తెరిచారు.

"మా నాన్నగారు కూడా జాయింటరే మేడమ్," అన్నారు. "సీలు విప్పడం బద్ధకమైతే తర్వాతి జాయింటులో తీగలు తిప్పేసేవారు. మా అమ్మతో చెప్పి నవ్వుకునేవారు. అంటే ఇలా చేసింది ఆయనా మీరూ మాత్రమే అయి ఉండరు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎన్ని ఊళ్ళు, ఎన్ని కేబుళ్ళు, ఎన్ని వేల జాయింట్లు! పాత తీగ మీద ఇంటర్నెట్ రాక, తడి అని రాసి మూసేసిన ఫిర్యాదులు ఎన్ని ఉన్నాయో! అవన్నీ గోడలు తవ్వకుండా, మట్టి తియ్యకుండా, కూర్చున్న చోటు నుంచి బాగుచెయ్యొచ్చు.

సంతకం పెట్టారు. రికార్డు పుస్తకంలో నా పేరు పక్కన 'తప్పు' అని నా చేతే రాయించారు. రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

ఏప్రిల్ 23

మా ఆయనకీ చెప్పాను. విని దుకాణానికి వెళ్ళి ప్రశంసాపత్రం తీసుకొచ్చి నా చేతికిచ్చారు. అద్దం మాత్రం ఆయనే ఉంచుకుంటారట, మంచి అద్దమట.

అక్కకి ఇంకా చెప్పలేదు. లైను వచ్చాక చెప్తాను. రాకపోతే ఏం చెప్తాను?

మే 2

మొదటి ప్రయత్నం. పదకొండు జోడీలూ ఒకేసారి చచ్చిపోయాయి. నలుగురు మెట్లు దిగొచ్చి మరీ తిట్టారు.

మే 7

రెండోసారి. బతికాయి. ఎనిమిది, తొమ్మిది. మైనస్ సారు ఇప్పుడు ప్రోగ్రాము నా పక్కనే కూర్చుని రాస్తున్నారు, ఒక్కో వరుసా కొట్టేస్తూ. కొట్టేసిన ప్రతిసారీ ప్రోగ్రాము మెరుగవుతోంది, ఒప్పుకోక చస్తానా.

మే 15

పన్నెండు. పరీక్షకి ఇంకా పద్దెనిమిది రోజులే.

మే 16

ఎండ ముదిరేకొద్దీ తీగ వేడెక్కి లెక్క తప్పుతోంది. ఒకసారి కట్టిన లెక్కనే రోజంతా వాడుతున్నాం. అదీ సంగతి! నిమిషానికోసారి కొలుచుకుని, లెక్క మార్చుకుంటూ పోవాలి.

మే 19

అక్క లైను. ముప్పై ఒకటి.

ముప్పై ఒకటి ముప్పై ఒకటి ముప్పై ఒకటి. నేను కుర్చీలోంచి లేచి గంతేశాను, ఈ వయసులో. మైనస్ సారు చూడలేదనుకున్నాను. చూశారట. బాగుంది మేడమ్ అన్నారు. ఆ తర్వాత 'కానీ' వస్తుందని చూస్తూ నిలబడ్డాను, రాలేదు.

జూన్ 2

నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది!

పై ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చారు మీటర్లు పట్టుకుని. మెట్లన్నీ ఎక్కించాను, ఒక్క ఇల్లు వదలనివ్వలేదు. అన్నిటికంటే తక్కువ వచ్చింది రెండు వందల పన్నెండో మెట్టు మీద ఇంటికి, అదీ ఇరవై ఏడు. వాళ్ళలో పెద్దాయనకి ఆయాసం వచ్చి మెట్ల మీదే కూలబడి, అసలు ఈ జోడీల సంగతి మీకెలా తట్టిందమ్మా అని అడిగారు. మైనస్ సారు నావైపు చూశారు, ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను, మొదటినుంచీ, పందెంతో సహా. ఇంకో ఆరు ఊళ్ళ కేబుళ్ళ పట్టికలు పంపిస్తారట, చూడమన్నారు. పద్ధతికి నా పేరు పెట్టి పేటెంటుకి దరఖాస్తు పెట్టమన్నారు. తప్పు ఎలా జరుగుతుందో అందులో వివరంగా రాయాలట. నాకంటే బాగా ఎవరు రాస్తారు?

మెట్లు దిగుతుంటే ఊరు మొత్తం కిందుగా కనబడింది, తీగలన్నీ నావే అన్నట్టు నడిచాను. గర్వమే. ఎందుకు దాచుకోవాలి, ఈసారిది కష్టపడి సంపాదించుకున్న గర్వం.

జూన్ 3

మధ్యాహ్నం టెస్టు రూములో తెర మోగింది. అక్క లైను.

నేను హలో అన్నాను. హలో అనడమేమిటి నా మొహం, చేతులు ఎత్తడం మర్చిపోయాను. అక్క ఉంది తెర మీద. ప్రతి వేలూ, గోటి చివర దాకా, ఒక్క చోట కూడా ఆగకుండా. ముందు తొమ్మిదో తారీకు పాఠాల గురించి చెప్పింది, బడివాళ్ళు నిన్న చూసి సరేనన్నారట, పదహారుమంది పిల్లలట. తర్వాత నా జుట్టు చూసి దువ్వుకోవడం మానేశావా అని తిట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు. ఏడుస్తుంటే చేతులు కనబడతాయి గానీ మొహం కనబడదు, మొహం తుడుచుకో, సగం మాట మొహంలోనే ఉంటుంది అని మళ్ళీ తిట్టింది.

అప్పుడు అడిగింది, మరి రెండు నెలలు లైను ఎందుకు రాలేదే, నా ఇంట్లో వైరు బాగానే ఉందా అని.

చెప్పాను. పందెం, ఏడు, ఎనిమిది, తడి అని రాయడం, సొరుగు తాళం, సంచీలో పెట్టుకున్న రిపోర్టు. ప్రతి మాటా లైనులో స్పష్టంగా వెళ్ళి ఉంటుంది.

అక్క ఒక్క క్షణం కదల్లేదు. బొమ్మ ఆగిపోయిందేమో అని మీటరు వైపు చూశాను. ముప్పై మూడు. లైను బాగానే ఉంది, ఆగింది అక్కే.

"తప్పు చేశావని కాదు," అంది, ఒక్కో మాటా విడివిడిగా, చిన్న పిల్లకి చెప్పినట్టు. "రెండు నెలలు వారం వారం నా ఎదురుగా కూర్చుని టీ తాగుతూ అబద్ధమాడావు. నాకు కోపం వచ్చింది. నీతో మాట్లాడను, పో."

టక్కున తెర నల్లబడింది.

మైనస్ సారు తలుపు దగ్గరే ఉన్నారు, కంగారుగా లైను తెగిందా మేడమ్ అని అడిగారు.

"తెగలేదు సార్," అన్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. "మా అక్క నా మొహం మీద ఫోన్ పెట్టేసింది."